కాశవ్వత్త కట్టిన బుత్తి

దూరప్రయాణం అనగానే అందరికీ రోడ్డు గుర్తుకొస్తుంది. మా కాశవ్వత్తకు ఎండ గుర్తుకొస్తుంది. ఏ వేళకు కారు ఎక్కడుంటుంది, అప్పటికి మూటలో ఏది చెడకుండా ఉండాలి అన్నదే ఆమె ఆలోచన. మెత్తటి చపాతీలు పొద్దుటి పూటకు. పుంటికూర పప్పును మధ్యాహ్నం దాటనివ్వకూడదు. గుత్తివంకాయ నూనెలో మునిగి ఉంటే సాయంత్రానికీ పనికొస్తుంది. పెంకులా ఎండబెట్టిన జొన్నరొట్టె, పల్లీల పొడి, అవిసెగింజల పొడి మాత్రం ఎన్నాళ్లైనా ఉంటాయి. "ఇవి కట్టిచ్చి మనిషిని దండయాత్రకు పంపినా తిరిగొచ్చేదాకా నిలుస్తాయి. మనిషే నిలవాలి" అంటుంది.

మా ముద్దేబిహాళ వైపు పెళ్లికి పోయేవాళ్లు, యాత్రకు పోయేవాళ్లు, రోగిని పెద్దాసుపత్రికి తీసుకుపోయేవాళ్లు ముందురోజు ఆమె గడప ఎక్కుతారు. "ముసలివాళ్లున్నారా? వాళ్లకు పళ్లున్నాయా? చక్కెర జబ్బు వాళ్లుంటే కొంగున బెల్లం ముక్క కట్టుకోండి" అని చెప్పి పంపుతుంది. నేను బాడుగ కార్లు తోలేవాణ్ణి. నా కారులో జనం వాంతి చేసుకునేది చాలాసార్లు దారి వంపులకు కాదు, తెలివితక్కువగా కట్టుకొచ్చిన తిండికి. ఆమె మాట విన్నవాళ్లు ఎక్కితే నాకు సీటు కడిగే పని ఉండదు.

అలాంటి మనిషికి పోయిన శ్రావణంలో ఒక్క మూట కట్టడానికి నిద్ర కరువైంది.

అది మామూలు దారి సద్ది కాదు, బుత్తి. కడుపుతో ఉన్న కూతురికి ఏడో నెలలో పుట్టింటివాళ్లు మోసుకుపోయేది. కూతురి నోరు ఏం కోరిందో అదే అందులో ఉండాలి. దేవుడి ముందు పెట్టి ముడి వేశాక ఆ ముడిని కూతురే విప్పాలి. దారిలో ఎక్కడా నేలకు తాకకూడదు. కూతురు తినకముందు ఇంకో నోరు అందులోది తినకూడదు. తింటే ఏమవుతుందని చిన్నప్పుడు అడిగితే మా నాయనమ్మ చెంప మీద ఒకటిచ్చింది. అదే జవాబు. మా ఊరు ఇలాంటి జవాబుల మీదే నిలబడి ఉంది.

కాశవ్వత్త మా నాన్న తోడబుట్టింది. ఆమె ఒక్కగానొక్క కూతురు శివలీల. శివలీలను నాకిస్తారని చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అనేవారు. అన్నవాళ్లు ఆమెను అడగలేదు, నన్నూ అడగలేదు. ఆమె బెళగావికి నర్సు చదువుకు పోయింది. అక్కడ తనతో చదువుకున్న రోహిదాస్‌ను చేసుకుంది. అతనిది మాలవణ, సముద్రం ఒడ్డు. చేపలు పట్టే ఇల్లు. మెడలో లింగం కట్టుకునే మా ఇళ్లల్లో కోడిగుడ్డు పేరైనా గట్టిగా అనరు. మా దగ్గర ఎదుటివాడి ఇంట్లో ఏం ఉడుకుతుందో తెలిస్తే చాలు, వాడి పక్కన కూర్చోవచ్చో కూడదో తేలిపోతుంది. పెళ్లి సంగతి తెలిసిన రోజు శివలీల తండ్రి రుద్రప్ప మామ నడివీధిలో నిలబడి అన్నాడు: "ఆ ఇంటి గడప తొక్కను. ఆ ఇంటి నీళ్లు ముట్టను."

రుద్రప్ప మామ మాటంటే మాటే. ఒకసారి సంతలో ఎద్దును అమ్ముతూ, బేరం కుదిరాక, కొనేవాడితో "పొద్దున్నే లేచినప్పుడు వెనక కాలు కొంచెం ఈడుస్తుంది, చూసుకున్నావా?" అన్నాడు. కొనేవాడు పగ్గం వదిలేసి పోయాడు. సంతంతా నవ్వింది. "మరి ఈడుస్తుంది కదా!" అన్నాడు మామ. అంత నిజం మనిషితో కాపురం ఎలా ఉంటుందో అత్త మొహం చూస్తే తెలుస్తుంది.

శివలీల మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు మామ బుత్తి పోనివ్వలేదు. ఎనిమిదో నెలలో ఆ కడుపు పోయింది. బుత్తి పోనందుకే అని అత్త ఒక్కసారి కూడా అనలేదు. ఆమె అనకుండా ఉండటమే ఆ ఇంట్లో రోజూ వినిపించేది. ఇప్పుడు మళ్లీ ఏడో నెల వచ్చింది.

"ఈసారి నేను పోతున్నా" అంది అత్త, పొయ్యి ముందు కూర్చుని, మామ వైపు తిరగకుండానే.

"పో. నేనెవణ్ణి ఆపడానికి? కానీ నా చేను గింజ ఒక్కటి కూడా ఆ ఇంటికి పోదు. నా జొన్న, నా పల్లీ, నా బర్రె నెయ్యి, ఏదీ పోదు."

"సరే."

"కారు కూడా నాదే."

"బస్సులో పోతా. ఒళ్లో పెట్టుకుని పోతా."

మామ లేచి నిలబడ్డాడు. "రుద్రప్ప పెళ్లాం బుత్తి పట్టుకుని బస్సెక్కిందంటే నా పరువేం కాను? కార్లోనే పో. నా కారు కాబట్టి నేనూ వస్తా. వాళ్ల వాకిట్లో కార్లోనే కూర్చుంటా. చన్నూ, నువ్వు తోలు."

"డీజిలు కూడా నీదే కదా మామా? అదీ ఆ ఇంటికి పోకూడదేమో?" అన్నాను.

"నోర్ముయ్ రా, పుస్తకాల పురుగా! వంకర ప్రశ్నలు అడగడానికి తప్ప ఎందుకు పనికొచ్చింది నీ చదువు?"

అత్త మామ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. జొన్నలు మా ఇంటి నుంచి తెచ్చుకుంది. అవి ఆమె పుట్టింటివి. బెల్లం, నువ్వులు గానుగ నింగవ్వ ఇచ్చింది. పల్లీల కోసం పక్కింటి దుండవ్వ దగ్గరికి చేట పట్టుకుపోయింది. నేనూ వెంట ఉన్నాను.

"గాదె నిండా పల్లీలు పెట్టుకుని నా దగ్గరికొచ్చావేమే కాశీ? మీ ఆయన గాదెకు తాళం వేశాడా?" అంది దుండవ్వ.

"గాదెకు కాదు, నోటికేసుకున్నాడు."

"అయితే తాళంచెవి కూతురి దగ్గరుందన్నమాట" అని దుండవ్వ చేట నిండా పోసి, పైన ఇంకో దోసెడు వేసింది. "ఇది బిడ్డకు. మీ ఆయనకు ఒక్క పలుకు కూడా పెట్టకు."

ఏం వండాలో తేల్చుకోవడానికి అత్త శివలీలకు ఫోన్ చేసింది.

"నోటికేం తినాలనుందే?"

"ఏమీ లేదవ్వా. ఇక్కడ అన్నీ బాగానే పెడతారు." మా వైపు తల్లిని అవ్వా అనే పిలుస్తారు.

"ఏడో నెల కడుపుకు ఏమీ తినాలని ఎందుకుండదు? చెప్పు."

 శివలీల మెల్లగా అంది: "రొట్టె అవ్వా. ఎండు జొన్నరొట్టె. విరిస్తే చప్పుడు రావాలి. ఇక్కడి గాలికి అప్పడం కూడా గుడ్డపేలిక అయిపోతుంది. దాంతో పండుమిరప కారం. నువ్వు చేసే పల్లీ ఓళిగ కూడా. అంతే."

ఫోన్ పెట్టేశాక అత్త ఆకాశం చూసింది. వాన ఆగేలా లేదు. వానలో, ఘాట్ మంచులో, సముద్రం గాలిలో ఒక పగలంతా ప్రయాణం చేసి కూడా రొట్టె చప్పుడు చేయాలి. ఎండ లేదు కాబట్టి రొట్టెలను కుంపటి చుట్టూ నిలబెట్టి, మాటిమాటికీ తిప్పుతూ ఆరబెట్టింది. ఒక్కోటి తీసి చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసేది. మందంగా మోగినదాన్ని మళ్లీ కుంపటి దగ్గర పెట్టేది. రేకు డబ్బా అడుగున, తేమ పీల్చడానికి, వేయించిన ఉప్పును గుడ్డలో కట్టి పెట్టి, దాని మీద కాగితం, కాగితం మీద రొట్టెలు పేర్చింది. ఓళిగల్లో, అంటే బొబ్బట్లలో, పల్లీ బెల్లం పూర్ణం పలచగా కాకుండా, గట్టిగా, పొడిపొడిగా పెట్టి కాల్చింది. తడి ఉంటే బూజు పడుతుంది. కారం సీసా మూతి మీద నూనె పోసింది. అన్నిటినీ కొత్త తెల్ల గుడ్డలో పెట్టి, పైన ఆకుపచ్చ రవికెల బట్ట పరిచి, దిష్టికి ఒక బొగ్గు ముక్క, రెండు ఎండుమిరపకాయలు ఉంచింది. దేవుడి ముందు కూర్చుని ముడి వేసింది. ఆ ముడి మీద చెయ్యి ఉంచి చాలాసేపు లేవలేదు.

దారి సద్దిని వేరే సంచిలో కట్టింది. అందులో మామ చేను జొన్నలతో చేసిన రొట్టెలు, వంకాయ కూర, పల్లీల పొడి, చక్కెర లేని చాయ్ ఫ్లాస్కు ఉన్నాయి. మామకు చక్కెర జబ్బు. పొద్దున్నే కడుపులో ఇన్సులిన్ సూది పొడుచుకుంటాడు. ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియనివ్వదు. ఇంట్లో ఉన్న తీపంతా బుత్తిలోకి పోయింది. చక్కెర రోగుల కోసం కొంగున బెల్లం ముక్క కట్టుకోమని ఊరందరికీ చెప్పే మనిషి, ఆ రోజు తన మొగుడి కోసం కట్టుకోవడం మరిచిపోయింది. మనసంతా ఆ ముడి మీదే ఉంది.

తెల్లవారుతూనే బయలుదేరాం. మామ స్నానం, లింగపూజ ముగించి, సూది వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. అత్త వెనక, బుత్తి ఒళ్లో పెట్టుకుని. "పక్కన పెట్టుకో అత్తా, కాళ్లు తిమ్మిరెక్కుతాయి" అంటే వినలేదు. "నువ్వు గుంతలు చూసి తోలు. నా కాళ్ల సంగతి నాకొదిలెయ్."

బాగలకోటె దాటి, లోకాపుర దాటి, యరగట్టి దగ్గర ఒక చెరకు తోట పక్కన ఆపాను. అత్త ఒక చేత్తో బుత్తిని పొదివి పట్టుకుని, ఇంకో చేత్తో దారి సద్ది విప్పి, రొట్టె మీద కూర వేసి మామకు అందించింది. మామ తుంచుకోబోయి ఆగాడు.

"ఆ మూటలో ఏముంది?"

"అది మీకెందుకు?"

"అడిగితే చెప్పలేవా?"

"రొట్టె, పండుమిరప కారం, పల్లీ ఓళిగ."

"ఎవరి పల్లీలు?"

"మీవి కావు. భయపడకండి. మీ గింజ ఒక్కటి కూడా లేదు. పల్లీలు దుండవ్వవి, బెల్లం నింగవ్వది, జొన్నలు మా అన్నవి."

మామ మొహం నల్లబడింది. "అంటే వీధంతా తిరిగి అడుక్కున్నావు."

"మీరే కదా అన్నది? మీ గింజ పోకూడదని."

"నేనంటే? నేనంటే ఊరిమీద పడతావా? రుద్రప్ప కూతురికి దుండవ్వ పల్లీలా! నా గాదెలో పల్లీలు పురుగులు తింటున్నాయి, నా బిడ్డ..." అని ఆగిపోయాడు. "నా బిడ్డ" అన్న మాట నోటి నుంచి జారినందుకు ఆయనకు ఇంకా కోపం వచ్చింది. రొట్టెను మడిచి సంచిలో పెట్టేశాడు. "నాకు ఆకలి లేదు. నడుపు రా."

"సూది వేసుకున్నారు. తినకపోతే ఎలా?" అంది అత్త.

"వేసుకున్నది నేను. నీకేం నొప్పి?"

"రెండు ముక్కలు తిను మామా" అన్నాను నేను.

"నువ్వు రోడ్డు చూడు."

బెళగావిలో మళ్లీ అడిగింది. చందగడ దగ్గర మళ్లీ అడిగింది. మామ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నీళ్లు మాత్రం తాగాడు. మొండితనం మా ఇళ్లల్లో ఆస్తితోపాటు పంచుకునే వస్తువు. పెద్దవాళ్లకు ఎక్కువ వాటా వస్తుంది.

ఆంబోలి ఘాట్ మొదలయ్యేసరికి వాన దంచుతోంది. బండి ముందు మూర కూడా కనిపించడం లేదు. ఒక మలుపులో మా ముందున్న లారీ ఆగిపోయింది. దిగి చూస్తే, దాని అవతల ఒక పెద్ద చెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. లారీ డ్రైవరు, ఇంకొందరు గొడ్డళ్లతో అటువైపు పోయారని ఎదురొచ్చిన ఒకాయన చెప్పి, గొడుగు వంచుకుని వెళ్లిపోయాడు. మా వెనక వస్తున్న రెండు కార్లు వెనక్కి తిరిగిపోయాయి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క తెల్లటి శూన్యం.

కారెక్కి తల తుడుచుకుంటూ మామ వైపు చూశాను. చలికి నాకు పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి.

"మామా?"

"ఎడ్లను విప్పు" అన్నాడు. నాలుక మందంగా పలికింది. "వానొస్తోంది. ఎడ్లు తడుస్తాయి. విప్పు రా బసలింగా."

బసలింగ ఆయన తమ్ముడు. చనిపోయి చాలా ఏళ్లయింది.

వెనక అత్త లేచి ముందుకు వంగింది. ఆమెకు చెప్పనక్కర్లేదు. రెండేళ్ల కింద చేలో ఇలాగే పడిపోతే చక్కెర నీళ్లు పట్టించి లేపింది ఆమే.

"తీపి" అంది. "చన్నూ, తీపి ఏదైనా ఉందా?"

డాష్‌బోర్డు అర వెతికాను. సీట్ల కింద చెయ్యి పెట్టి చూశాను. బిస్కెట్ ముక్క కూడా లేదు. వానలో లారీ దగ్గరికి పరుగెత్తాను. తలుపులు తాళం వేసి ఉన్నాయి. అటువైపు నుంచి గొడ్డళ్ల చప్పుడు వినిపిస్తోంది. దూరం. నేను పోయి అడిగి తిరిగి వచ్చేసరికి ఏమవుతుందో ఆలోచించడానికి భయమేసింది. వెనక్కి వచ్చేశాను.

మామ తల ఒక పక్కకు వాలి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు.

"అత్తా, బుత్తిలో ఓళిగలున్నాయి."

ఆమె మూటను రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

"అత్తా!"

"తెలుసురా. నాకు తెలియదా?"

"ఇటివ్వు, నేను విప్పుతా. తగిలేదేదో నాకే తగలనీ."

"ముట్టకు!" ఆమె అరిచిన అరుపుకు నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నువ్వు ముట్టకు. దీన్ని ఎవరూ ముట్టకూడదు. మొదటిసారి పోనివ్వలేదు. ఏమైందో చూశావు. ఇప్పుడు విప్పితే, మళ్లీ అదే అయితే, నేనేం మొహం పెట్టుకుని బతకాలిరా?"

"విప్పకపోతే ఈయన పోతాడు. ఇప్పుడే. నీ కళ్లముందే."

ఆ మూఢనమ్మకం మీద నాకున్న కోపమంతా గొంతుదాకా వచ్చింది. ఎన్నో చెప్పాలనుకున్నాను, చదివినవన్నీ. ఆమె మొహం చూశాక ఒక్కటీ నోట రాలేదు. అక్కడ ఆమె ఒక ముడి ముందు కూర్చుని లేదు. ఒక చేత్తో కూతురి కడుపును, ఇంకో చేత్తో మొగుడి ప్రాణాన్ని పట్టుకుని కూర్చుని ఉంది. ఏ చెయ్యి వదలాలో చెప్పే పుస్తకాన్ని నేనింకా చదవలేదు.

"ఒక్క రొట్టె తినుంటే పోయేది కదయ్యా" అంది మామతో, చాలా మెల్లగా. మామ పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది.

అత్త ముడి మీద వేళ్లు వేసింది. రాలేదు. తడి గాలికి గుడ్డ ఉబ్బి, ముడి బిగుసుకుపోయింది. గోళ్లతో లాగింది. కత్తి ఉందా అని నేను వెతుకుతుండగానే ఆమె మూటను నోటి దగ్గరికి తీసుకుని, పళ్లతో పట్టి, తల విదిలించి లాగింది. ముడి ఊడింది. బొగ్గు ముక్క, ఎండుమిరపకాయలు కారు చాప మీద పడ్డాయి. ఆమె వాటివైపు చూడలేదు. ఓళిగ తుంచి, పూర్ణం వేలికి తీసుకుని మామ పెదవుల మధ్య పెట్టబోయింది.

మామ పళ్లు బిగించాడు. తెలివి లేని స్థితిలో కూడా నోరు తెరవలేదు. అలవాటు అంత గట్టిది.

"తెరువు!" అంది అత్త. మొగుణ్ణి ఆమె ఏకవచనంలో పిలవడం నేను వినడం అదే మొదలు. "తెరువు నోరు! నీ గింజ కాదు ఇది, భయపడకు! మా పుట్టింటిది! దుండవ్వది! తిను!" అని దవడ నొక్కి, పూర్ణాన్ని చెంప లోపల రాసింది. మళ్లీ తీసింది, మళ్లీ రాసింది. నేను ఆయన తల ఎత్తి పట్టుకుని, కాసిని నీళ్లు చుక్కచుక్కగా పోశాను. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గొంతు కదిలింది. మింగాడు. ఇంకో ముక్క. ఈసారి నమిలాడు, మిగిలింది చేత్తో పట్టుకుని కొరికాడు. అత్త ఏడవలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దేవుణ్ణి తిడుతోందో, వేడుకుంటోందో నాకు తెలియలేదు.

వాన కొంచెం తగ్గేసరికి మామ కళ్లు మా మీద నిలిచాయి. చేతిలో ఉన్న సగం ఓళిగను చూసుకున్నాడు. నాలుక తిప్పాడు.

"ఈ బెల్లం ఎవరిది?"

"నింగవ్వది" అంది అత్త.

"బాగుంది."

అప్పుడు చూశాడు, ఆమె ఒళ్లో విప్పి ఉన్న మూటను, చాప మీద పడిన బొగ్గును, పళ్ల గాట్లు పడిన గుడ్డ కొసను. అంతా అర్థమైంది.  చేతిలో మిగిలిన సగం ఓళిగను ఆమెకిచ్చాడు. బుత్తిలోది బయట పారేయకూడదు కాబట్టి అత్త దాన్ని కాగితంలో చుట్టి మళ్లీ లోపలే పెట్టింది. మళ్లీ ముడి వేసింది. అది ముడిలాగే ఉంది. దేవుడి ముందు వేసింది మాత్రం కాదు. ఆ తర్వాత సంచిలోంచి పొద్దుటి రొట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మొత్తం తినేశాడు.

చెట్టు నరికి పక్కకు తోశాక ఘాట్ దిగాం. సావంతవాడి దాటాక కొబ్బరిచెట్లు, ఎర్ర మట్టి, ఉప్పు గాలి.  అప్పుడు మామ అన్నాడు.

"దానికేం చెప్తావు?"

"ఏమీ చెప్పను. తిప్పి కట్టాను కదా."

"చూస్తుంది. నీ కూతురు."

"చూడనీ. అడిగితే ఏదో ఒకటి చెప్తా. కారు కుదుపులకు ఊడిందంటా."

"అబద్ధం."

"అవును, అబద్ధమే! నేను ఎద్దును అమ్మడం లేదు. కడుపుతో ఉన్నదానికి, నీ బుత్తి ఎంగిలైపోయింది, భయపడుతూ కను అని చెప్పనా?"



రోహిదాస్ ఇల్లు రేవుకు దగ్గర. పెంకుటిల్లు. వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి, చూరు కింద చేపల బుట్టలు. కారు ఆపగానే ఆ వాసన లోపలికి వచ్చింది. మామ ముక్కు మీదికి కండువా లాక్కున్నాడు. అత్త దిగింది. బుత్తిని నడుము మీద పెట్టుకుని, ముడి తన వైపుకు తిప్పుకుని నడిచింది. తప్పు చేసినదానిలా తల దించుకుని నడిచింది. తలుపు దగ్గర రోహిదాస్ తల్లి శేవంతీబాయి, ఆమె వెనక నిండు పొట్టతో శివలీల నిలబడి ఉన్నారు.

నా పక్కన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మామ దిగాడు.  కారు పట్టుకుని నిలబడి, తర్వాత నడిచాడు. ఆయన అరుగు దాకా పోయి ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. అరుగెక్కి, ఎద్దును అమ్మేటప్పుడు ఎలా అన్నాడో అలాగే, గట్టిగా, అందరూ వినేలా అన్నాడు.

"లీలా. ఆ ముడి దారిలో విప్పారు. అందులోది ముందు నేను తిన్నాను. మీ అవ్వ తప్పు లేదు. నా తప్పు."

అత్త కళ్లు మూసుకుంది.

శివలీల తండ్రిని కింది నుంచి పైదాకా చూసింది. పెళ్లయ్యాక ఆయనను చూడటం అదే మొదటిసారి. ఆమె నోటి నుంచి ఏం వస్తుందోనని నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను.

"సూది వేసుకుని తినలేదా?" అంది.

మామ కండువా కొస మడిచాడు.

"అడుగుతున్నాను కదా అప్పా! వేసుకున్నావు, తినలేదు. అంతేనా? ఎన్ని గంటలు? ఎవరి మీద కోపంతో?" ఆమె ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. నర్సులు పట్టుకునే పట్టు. "చెయ్యి ఇంకా చల్లగా ఉంది. కూర్చో ఇక్కడ. కూర్చోమంటున్నా!"

మామ అరుగు మీద కూర్చున్నాడు. శివలీల తల్లి చేతిలోంచి మూట తీసుకుని, మోకాళ్ల మీద పెట్టుకుని ముడి విప్పింది. అత్త "అందులో పైన ఉన్నది తియ్యకు, అది..." అంటుండగానే కాగితం విప్పింది. సగం కొరికిన ఓళిగ.

"అది ఎంగిలి. పారెయ్" అన్నాడు మామ.

ఆమె అప్పటికే నోట్లో పెట్టుకుంది. తండ్రి వైపు చూస్తూ నమిలి మింగింది. "తిన్నాను. ఇక బుత్తి మొదట తిన్నది నేనా, నువ్వా, అవ్వే తేల్చుకుంటుంది."

శేవంతీబాయికి మా భాష రాదు. ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. లోపలికి పోయి ఒక గ్లాసు నిండా చాయ్ తెచ్చి మామ ముందు పెట్టింది. శివలీల ఆమెతో మరాఠీలో ఏదో అంది. "చక్కెర వేశారంట. సగం తాగు చాలు" అంది తండ్రితో.

మామ ఆ గ్లాసును చూశాడు. వాకిట్లో వలలను చూశాడు. తర్వాత అత్త వైపు చూశాడు.

"నా మాట పోయింది కాశీ."

"ముడి పోయింది, మాట పోయింది" అంది అత్త, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "దాచుకోవడానికి ఇంకేం మిగిలింది? తాగండి, చల్లారిపోతుంది."

ఆయన గ్లాసు ఎత్తాడు. నేను కారు దిగి, అరుగు చివర నిలబడ్డాను. శివలీల రేకు డబ్బా మూత తీసింది. అత్త ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. బుత్తి ఎంగిలైపోయింది, ముడి ఊడింది, మొగుడు చేపల ఇంట్లో చాయ్ తాగుతున్నాడు. వీటన్నిటికన్నా ఇప్పుడు ఆమెకు ఆ డబ్బాలో ఉన్నదే ముఖ్యం.

శివలీల ఒక రొట్టె తీసి రెండు చేతులతో పట్టుకుంది. "ఇది కూడా మెత్తబడి ఉంటే ఏడుస్తా అవ్వా" అంది.

విరిచింది. టప్ మంది.